అద్దం అబద్ధం చెప్పదంటారు గానీ...

శావల్యాపురం నుంచి వినుకొండకో, నరసరావుపేటకో కాలేజీకి వెళ్ళే అమ్మాయిని పొద్దున్నే గమనించండి. జడ వేసుకోవడానికి ఐదు నిమిషాలు, సెల్‌ఫోన్‌లో ముఖం చూసుకోవడానికి పదిహేను నిమిషాలు! "ఇప్పటి పిల్లలకిదేం పిచ్చమ్మా!" అని బుగ్గలు నొక్కుకుంటాం. ఈ పిచ్చి నిన్నా మొన్నా పుట్టింది కాదని మాత్రం మరిచిపోతాం.

ఫోటో తీసే విద్య 1839లో లోకానికి తెలిసింది. అది మన పల్లెల దాకా వచ్చాక కూడా చాలా ఇళ్ళల్లో ఆడపిల్లకి ఫోటో అంటే పెళ్ళి సంబంధం కోసమే. ఉన్నవాటిలో మంచి చీర కట్టించి, పట్నంలో స్టూడియోకి తీసుకెళ్ళేవారు. ఫోటోగ్రాఫరు నెగటివ్ మీద సన్నటి పెన్సిలుతో దిద్ది, మొటిమల మచ్చల్ని మాయం చేసేవాడు. ఇవాళ ఫోన్‌లో ఫిల్టరు చేసే పనీ అదే. కాకపోతే ఆ దిద్దిన ఫోటో జన్మకి ఒకటో రెండో. మిగతా రోజుల్లో మన ముఖం మనకి గుర్తుండేది కాదు, బతికిపోయాం!

తర్వాత సినిమాతారలు వచ్చారు. 1941లో లీలా చిట్నిస్ లక్స్ సబ్బు ప్రకటనలో కనిపించింది. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చి తెలుపును ట్యూబులో పెట్టి అమ్మింది. ఆ పేరులోంచి 'ఫెయిర్' ఊడిపోవడానికి 2020 దాకా పట్టింది. అయినా తారతో పోల్చుకుని దిగులుపడే వాళ్ళు తక్కువే. ఆవిడ తార, మనం మనం.

2010లో ఇన్‌స్టాగ్రామ్ వచ్చాక ఆ దూరం పోయింది. ఇప్పుడు పోలిక పక్క బెంచీ అమ్మాయితోనే, అదీ ఆమె దిద్దుకున్న ఫోటోతో. చివరికి తన దిద్దిన ఫోటోతో తనకే పోలిక! ఆ కంపెనీ సొంతంగా చేయించుకున్న పరిశీలన 2021లో బయటపడింది. తమ ఒంటి గురించి అప్పటికే బాధపడుతున్న టీనేజి అమ్మాయిల్లో నూటికి 32 మంది, ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను ఇంకా పెంచిందని చెప్పారట.

ఆ 'అప్పటికే' అన్న మాట దగ్గర మనం కాస్త ఆగాలి. అప్పటికే బాధపెట్టిందెవరు? "నల్లబడ్డావేమే?" "ఇట్లా లావైతే ఎవరు చేసుకుంటారే?" ఈ మాటలు ఫోన్ నేర్పలేదు. మన వంటింట్లోవే.

ఆ సబ్బు ప్రకటన వచ్చిన 1941లోనే జాషువా 'గబ్బిలం' వెలువడింది. ఆయన 1895లో పుట్టింది శావల్యాపురానికి దగ్గర్లోని వినుకొండలోనే. కాళిదాసు మేఘాన్ని దూతగా పంపితే, అంటరానివాడి గోడు శివుడికి చేరవెయ్యడానికి జాషువా ఎంచుకున్నది అందరూ అపశకునమనే గబ్బిలాన్ని. మనిషిని రానివ్వని గుడిలోకి అది పోగలదు కదా! దాని రూపం ఆయనకి అడ్డం రాలేదు, అది చెయ్యగల పనే కావలసి వచ్చింది.

సాయంత్రం అమ్మాయి కాలేజీ నుంచి వస్తుంది. "ఎండకి ముఖం ఎట్లా కమిలిపోయిందో చూడు!" అనబోయి ఆగండి. మంచినీళ్ళిచ్చి, "ఇవాళ క్లాసులో ఏం చెప్పారే?" అని అడగండి.