పన్నెండుంబావు పాట

మన దేశంలో రేడియో అంటే చాలాకాలం సర్కారువారి సొత్తు. సబ్బుల ప్రకటనల మధ్య పాటలు వినాలనుకుంటే సిలోను స్టేషను తిప్పుకోవలసి వచ్చేది. 1952లో అక్కడ మొదలైన గీతమాల పేరుకి ముందు ఒక టూత్‌పేస్టు పేరుండేది. వివిధ భారతిలో ప్రకటనలు 1967 దాకా రానేలేదు. అమెరికాలో దారి వేరు. చిన్న ఊళ్ళ రేడియోలని ఇక్కడ పోషించింది ఊళ్ళోని కొట్లవాళ్ళే. వాటిల్లో ఒకదాని చరిత్ర నాకు మరీ ఇష్టం. అది పిండి అమ్మడంతో మొదలయింది.

మెంఫిస్ నుంచి మిసిసిపీ నది వెంబడే దక్షిణంగా ఓ డెబ్భై మైళ్ళు దిగితే ఆర్కాన్సా రాష్ట్రంలో హెలెనా అనే ఊరుంది. అప్పట్లో పత్తి వ్యాపారానికి మంచి రేవు. 1941లో అక్కడ కేఎఫ్‌ఎఫ్‌ఏ అనే ఏఎం స్టేషను పెట్టారు. కొద్దిరోజులకే ఇద్దరు నల్లజాతి పాటగాళ్ళు వచ్చి, మాకూ కాస్త సమయం ఇస్తారా అని అడిగారు. ఒకాయన రైస్ మిల్లర్, మౌతార్గాన్ వాయిస్తాడు. రెండో ఆయన రాబర్ట్ లాక్‌వుడ్ జూనియర్, గిటారు. స్టేషను యజమానుల్లో ఒకడైన శామ్ ఆండర్సన్ వాళ్ళని కాదనలేదు, డబ్బు పెట్టేవాణ్ణి వెతుక్కోమని మాక్స్ మూర్ అనే టోకు కిరాణా వ్యాపారి దగ్గరికి పంపాడు. మూర్ అమ్మే పిండి పేరు కింగ్ బిస్కట్. (బిస్కట్ అంటే మనం టీలో ముంచుకునేది కాదు, ఇక్కడివాళ్ళు పొద్దున్నే గ్రేవీతో తినే మెత్తటి రొట్టె.) అలా 1941 నవంబరులో 'కింగ్ బిస్కట్ టైమ్' మొదలయింది.

వేళ మధ్యాహ్నం పన్నెండుంబావు. పొలాల్లో కూలీలు అన్నాలకి ఆగే సమయం. పాటగాళ్ళు పిండిని పొగడాలి. బదులుగా ఆ రాత్రి తాము ఏ ఊళ్ళో పాడబోతున్నారో చెప్పుకోవచ్చు. అసలు గిట్టుబాటు అందులోనే ఉంది. ఏఎం తరంగాలు నేలని పట్టుకుని పోతాయి, పొడినేల కన్నా తడినేల మీద దూరం వెళతాయి. చుట్టూ నది ఒండ్రుతో పరుచుకున్న చదునైన పత్తిచేలు. నదికి ఆవల మిసిసిపీ రాష్ట్రంలో, ఇండియనోలా దగ్గర చేలల్లో పనిచేస్తున్న కుర్రాడొకడు రోజూ అన్నం వేళకి ఇది వినేవాడు. తర్వాత లోకం అతన్ని బి.బి. కింగ్ అంది.

ఇదంతా ముచ్చటగా ఉంది గానీ, ఊరి సంగతి తెలియకపోతే సగమే తెలిసినట్టు. హెలెనా ఉన్నది ఫిలిప్స్ కౌంటీలో. 1919లో ఇదే కౌంటీలోని ఎలేన్ దగ్గర, పత్తికి న్యాయమైన ధర కావాలని సంఘం పెట్టుకున్న నల్ల కౌలురైతులని వేటాడి చంపారు. వందకి పైనే అంటారు. సరైన లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. తర్వాత హెలెనా కోర్టులో ఉరిశిక్ష పడినవాళ్ళు పన్నెండుమంది, అందరూ నల్లవాళ్ళే. చివరికి 1923లో సుప్రీంకోర్టు జోక్యం వల్ల వాళ్ళ ప్రాణాలు దక్కాయి. అది జరిగిన ఇరవై రెండేళ్ళకి అదే ఊళ్ళోంచి, పట్టపగలు, ఒక నల్లవాడి గొంతు ప్రతి ఇంట్లోకీ వెళ్ళింది. మూర్‌గారు సంస్కర్త అని నేననను. నల్లవాళ్ళు కూడా పిండి కొంటారని గ్రహించిన వ్యాపారి, అంతే. 1947లో మిల్లర్ బొమ్మ వేసి మొక్కజొన్న పిండి కూడా అమ్మాడు.

ఆ పిండికి పెట్టిన పేరు 'సనీ బాయ్'. ఇక్కడో తిరకాసుంది. అప్పటికే షికాగోలో సనీ బాయ్ విలియమ్సన్ అనే పేరుమోసిన మౌతార్గాన్ విద్వాంసుడున్నాడు. మిల్లర్ ఆ పేరుతోనే రేడియోలో చలామణీ అయిపోయాడు. అసలాయన 1948లో హత్యకి గురయ్యాడు, పేరు ఇతనికి మిగిలిపోయింది. నా మటుకు నాకిది దొంగతనమే అనిపిస్తుంది, కాని దొంగిలించినవాడు అసలువాడికి తీసిపోయేవాడు కాదు. రేడియోలో ఇంత పేరున్న మనిషి మొదటి రికార్డు 1951లో గానీ రాలేదు.

1963లో యూరప్ వెళ్ళి అక్కడి కుర్రకారుతో నీరాజనాలు పట్టించుకున్న మిల్లర్, 1965లో హెలెనాకే తిరిగొచ్చి మళ్ళీ పన్నెండుంబావుకి మైకు ముందు కూర్చున్నాడు. మే నెలలో ఒకరోజు రాలేదు. డోలు వాయించే పెక్ కర్టిస్ గదికి వెళ్ళి చూస్తే మంచం మీద చనిపోయి ఉన్నాడు. అంతకు కొద్దిరోజుల ముందే క్రిస్ స్ట్రాక్‌విట్జ్ అనే రికార్డుల ఆసామి ఒక ప్రసారాన్ని టేపు చేయబట్టి ఆ స్టూడియో సందడి మనమూ వినగలుగుతున్నాం. అంతకు ముందువి చాలామటుకు ఎవరూ దాచలేదు.

1951 నుంచి ఆ కార్యక్రమాన్ని నడిపినవాడు సనీ పేన్ అనే తెల్లాయన. 2018లో చనిపోయేదాకా, అరవై ఏళ్ళకి పైగా, ఆ కుర్చీ ఆయనదే. 1992లో పీబాడీ బహుమతి వచ్చింది, 2014లో పదిహేడువేలవ ప్రసారం అయింది. పోనుపోను పాటగాళ్ళు పోయి రికార్డులు వచ్చాయి, పత్తి ఏరే చేతుల బదులు యంత్రాలొచ్చాయి, ఊళ్ళో కొట్లు మూతపడ్డాయి. పేన్ తర్వాత ఇంకొకరు ఆ కుర్చీలో కూర్చుని పన్నెండుంబావుకి మైకు అందుకున్నారు.