ధనియాలు, చిరువేరు, రాకెట్టెక్కిన అలసందలు

2024 డిసెంబర్ 30, రాత్రి పది గంటలు. సంవత్సరాంతపు సెలవులకి మా సూళ్లూరుపేట వెళ్ళి మేడమీద నిలబడ్డాను. మా ఊళ్ళో పుట్టినవాళ్ళకి రాకెట్టు పెద్ద వింతేమీ కాదు, కిటికీలు గలగలలాడాయంటే శ్రీహరికోటలో ఏదో ఎగిరిందని అర్థం. కానీ ఆరోజు ఎగిరిన పీఎస్ఎల్వీ-సీ60లో ఎనిమిది అలసంద గింజలున్నాయి. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం వాళ్ళు ఓ చిన్న పెట్టెలో పెట్టి, భార రహిత స్థితిలో మొలుస్తాయో లేదో చూద్దామని పంపారు. అదంతా మా అవ్వకి ఎంతో ఉత్సాహంగా వివరించాను.

"అలసందలు బండమీదేసినా మొలుస్తాయి గానీ, మెడ్రాసులో నీ ధనియాలు మొలిచినాయా అబ్బయా?" అంది.

మొలవలేదు. చెన్నైలో మా ఫ్లాటు బాల్కనీలో నాలుగు కుండీలు కొని, కొబ్బరిపొట్టు తెచ్చి, సూపర్ మార్కెట్టు ధనియాల్ని ముత్యాల్లాగా ఒక్కొక్కటే వరసగా పాతిపెట్టాను. మూడు వారాలైనా చప్పుడు లేదు. (అక్కడేమో నాలుగు రోజుల్లోనే అలసందలు మొలకెత్తాయని జనవరి 4న ఇస్రో ప్రకటించింది. తర్వాత రెండ్రోజులకి ఆకులు కూడా వేశాయి. చెప్పొద్దూ, కుళ్ళుకున్నాను.)

మర్నాడు పొద్దున అవ్వ నాకు పాఠం చెప్పింది. గుప్పెడు ధనియాలు చేటలో పోసి, చెంబు అడుగుతో మెల్లగా రుద్దింది. ఒక్కొక్కటీ రెండు బద్దలైంది. మనం గింజ అనుకునే ధనియం నిజానికి ఒక కాయ, లోపల రెండు విత్తులుంటాయి. రాత్రంతా నానబెట్టి, మరీ లోతుగా కాకుండా చల్లి, తడి ఆరకుండా చూసుకోవాలి. పీకి ఇంకోచోట నాటితే దాని తల్లివేరు ఒప్పుకోదు కాబట్టి ఎక్కడ చల్లితే అక్కడే పెంచాలి. ఎండలు ముదిరితే ఆకు సన్నబడి పూతకొచ్చేస్తుంది గనక చలికాలమే దానికి అనువు. నాలుగేళ్ళ ఇంజనీరింగులో ఇది ఎవరూ చెప్పలేదు :)

అక్కడితో ఆగుంటే ఇది వంటింటి చిట్కా అయ్యేది. నాకేమో ఏదైనా పనిచేస్తే అది ఎప్పట్నుంచి పనిచేస్తోందో తవ్వే అలవాటు. తవ్వితే తేలిందేమిటంటే ధనియాలు మనవి కావు. అడవి ధనియాలు దొరికేది పశ్చిమాసియా, మధ్యధరా ప్రాంతాల్లో. 1922లో హోవార్డ్ కార్టర్ తెరిచిన టూటన్‌ఖామున్ సమాధిలోనూ ధనియాలు దొరికాయి. అంటే మూడువేల మూడొందల ఏళ్ళ కిందటే ఈజిప్టు రాజుగారికి దారిబత్తెంగా కట్టిచ్చారన్నమాట. మన దేశానికీ చాలా ముందే వచ్చేశాయి. పాణిని అష్టాధ్యాయిలో 'కుస్తుంబురు' అనే మాటకి ప్రత్యేకంగా ఓ సూత్రమే ఉంది. కుస్తుంబురు, కొత్తిమిరి... పక్కపక్కన పెట్టి ఓసారి పలికి చూడండి.

ఇన్ని వేల ఏళ్ళూ ఈ పరాయి మొక్కని ఇక్కడ కాపాడింది రాజులూ కాదు, తోటలూ కాదు. పోపుల డబ్బా! ఒకే వస్తువు అటు మసాలా, ఇటు విత్తనం. వండుకోడానికి దాచుకుంటే చాలు, విత్తనం దాచినట్టే. ఒక ఏడు పంట పోయినా పక్కింటి డబ్బాలో ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే ఊరంతా బ్యాకప్పే.

మరి ఇక్కడిదే అయిన మొక్క సంగతేంటి? మా పెరట్లో ఉన్నవన్నీ లెక్కపెట్టాను. తులసి విత్తనంతో వస్తుంది. పుదీనా, వామాకు కొమ్మ గుచ్చితే వస్తాయి. వీటిలో ఏదీ మా ఉప్పుగాలికి, ఇసకకి మాత్రమే చెందింది కాదు. అలాంటిది ఒకటి పుస్తకాల్లో దొరికింది. పేరు చిరువేరు. నేలకి అంటుకుని పెరిగే చిన్న మొక్క, తెల్లటి బుల్లి పూలు, ఇసక రేణువంత విత్తనాలు. సొగసంతా కిందే, వేరులో ఉంది. ఆ వేరు నుంచే కోరమాండల్ తీరపు బట్టలకి ఎరుపు వచ్చింది. సామర్లకోటలో ఉండి ఈ తీరపు మొక్కల్ని బొమ్మలు గీయించి, తెలుగు పేర్లతో సహా రాసుకున్న విలియం రాక్స్‌బర్గ్, 1795లో లండన్‌లో అచ్చవడం మొదలైన తన పుస్తకంలో దీన్ని చేర్చాడు. సముద్రం దగ్గరి పొడి ఇసక నేలల్లో దీన్ని సాగు చేసేవాళ్ళట. కానీ సాగు చేసిన వేరు కన్నా, తనంతట తాను మొలిచిన దాని వేరులో రంగు నాలుగోవంతు ఎక్కువ, మేలు కూడా అని రాశాడు.

ఆ అడవి వేరు ఎక్కడుందో, ఎప్పుడు తవ్వాలో తెలిసినవాళ్ళు యానాదులు. శ్రీహరికోట దీవి వాళ్ళ ఇల్లు. 1835లో మద్రాసు నగరానికి వంటచెరకు కోసమని ప్రభుత్వం దీవిని చేతిలోకి తీసుకుంది. అప్పట్నుంచి వాళ్ళు అడవి సరుకు ఏరి సర్కారుకిచ్చి, గింజలో బట్టలో తీసుకునేవాళ్ళయ్యారు. తేనె, కుంకుళ్ళు, సుగంధిపాల, చిరువేరు... 1909లో అచ్చయిన థర్స్టన్ సంపుటాల్లో ఈ సంగతులున్నాయి.

అంతకుముందే వేరుకి దెబ్బ తగిలింది. 1868లో జర్మనీలో గ్రేబే, లీబర్‌మన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు అలిజరిన్ అనే ఎర్ర రంగుని ప్రయోగశాలలో తయారుచేశారు. చిరువేరులో ఎరుపుకి మూలం కూడా అదే. చవక రంగు వచ్చి పడేసరికి యూరప్‌లో మంజిష్ఠ జాతి పొలాలూ, ఇక్కడ చిరువేరూ కలిసే మూలపడ్డాయి. చిరువేరు ఒకే క్లయింటుని నమ్ముకున్న ప్రాజెక్టు. కూరలో వేసేది కాదు, చారులో వేసేది కాదు. పైగా వేరు తవ్వితే మొక్క పోయినట్టే. రంగుల బజారు చెయ్యి వదిలేశాక, దాని విత్తనం దాచుకోవాల్సిన అవసరం ఏ వంటింటికీ లేదు. మా జిల్లాలోనే ఉన్న కాళహస్తిలో సహజమైన రంగులతో కలంకారీ ఇంకా వేస్తున్నారు, సంతోషమే. కానీ మా అవ్వకి ఎనభై దాటాయి. ఆ పేరు ఎప్పుడన్నా విన్నావా అంటే "అదేం వేరు అబ్బయా?" అని నన్నే అడిగింది.

ఇక రాకెట్ కేంద్రం. దీవిని 1969లో ఎంపిక చేశారు. 1971 అక్టోబర్ 9న మొదటి రోహిణి రాకెట్టు ఎగిరింది. దీవిలోని యానాది కుటుంబాల్ని చాలామందిని బయటికి తరలించారు. కొత్తచోట గుడిసె వేసుకోవచ్చు గానీ అడవిని కుండీలో పెట్టుకుని తెచ్చుకోలేరు కదా. ఏ చెట్టు కింద ఏ మందాకు దొరుకుతుందో తెలిసిన మనిషికి ఆ చెట్టే లేకపోతే, ఆ తెలివి పిల్లలకి చూపించడం ఎలా? చెప్పగలరేమో, చూపించలేరు.

ఇది రాస్తూ నేనేదో గట్టుమీద కూర్చుని తీర్పు చెబుతున్నాననుకోకండి. మా నాన్న కిరాణా కొట్టు నడిచింది షార్ ఉద్యోగుల జీతాల మీదే. నా ఇంజనీరింగు ఫీజూ అందులోంచే. ఆ అలసందల ఫొటో చూసి ఆఫీసులో అందరికీ "మా ఊరి నుంచే" అని గొప్పగా చూపించాను. ఇప్పుడడిగినా చూపిస్తాను. అయితే ఆ దీవి నుంచి ఎనిమిది గింజలు ఆకాశానికెళ్ళిన సంగతి నాకు తేదీతో సహా తెలుసు. అదే దీవిలో తరతరాలుగా ఎన్ని మొక్కల పేర్లు తెలుసుండేవో ఒక్క మనిషినీ ఏనాడూ అడగలేదు. మా కొట్టుకి రోజూ ఉప్పూ చింతపండూ కొనుక్కోడానికి వచ్చిన యానాది పెద్దాయన ఉండేవాడు. నేను చిల్లర లెక్కపెట్టిచ్చేవాణ్ణి, అంతే. ఆయన ఇప్పుడు లేడు.

అన్నట్టు ధనియాలు. అవ్వ రుద్దిచ్చిన బద్దల్ని పొట్లం కట్టుకుని లోకల్ రైల్లో చెన్నై తీసుకెళ్ళి చల్లాను. పదకొండో రోజున మొలకలు తేలాయి. నాలుగు మొక్కల్ని కొయ్యకుండా వదిలేస్తే తెల్లగా పూసి, ఏప్రిల్‌కి గుప్పెడు ధనియాలిచ్చాయి. వచ్చే కార్తీకానికి విత్తనం అని జాగ్రత్తగా ఊరికి పట్టుకెళ్ళి అవ్వ చేతిలో పోశాను. వాసన చూసి, సగం డబ్బాలో పోసి, మిగతా సగం ఆ పూటే చారులోకి దంచేసింది.