సవరబిడ్డల తొలిచదువు

శిశువు బడిలో అడుగిడునాటికే యొక భాషను సంపాదించి యుండును. తల్లి జోలపాటలోను, తోడిపిల్లల ఆటలోను, ఆకలిదప్పుల నెఱిగించు మాటలోను దానిని నేర్చినది. ఆ ధనమును గడపకడనే దింపివచ్చి, తెలియని భాష నడుమ మూగవలె కూర్చుండుమనుట విద్య యగునా? ఆంగ్లమాధ్యమమునుగూర్చి ఈ ప్రశ్నను మనము చిరకాలముగా అడుగుచున్నాము. మన కొండలమీది సవరబిడ్డ యిదే ప్రశ్నను మనలనే అడిగిన నేమి చెప్పుదుము?

ఈ ప్రశ్నకు చేతలతో సమాధానము చెప్పినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. 1863లో జన్మించిన వీరు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, తెలుగు తెలిసిన సవర నొకని తమ యింట నుంచుకొని ఆ భాషను నేర్చిరి, పాటలను, కథలను సేకరించిరి, వాచకములు వ్రాసిరి. 1894లో సవరపిల్లలకై బడులు పెట్టి, ఉపాధ్యాయుల జీతములు తామే యిచ్చి, సవరభాషలోనే చదువు చెప్పించిరి. వారి సవరభాషా వ్యాకరణము 1931లో మద్రాసునందు వెలువడెను. అడవులలో తిరిగి చలిజ్వరము పాలై, క్వినైను సేవించుటచే పంతులుగారికి చెవుడు వచ్చెను. ఒక జాతి మాటను వినబోయి వినికిడినే కోలుపోయిన మహనీయుడాయన.

సవర మన తెలుగువలె ద్రావిడభాష కాదు; సంతాలీ మున్నగువానితో కూడిన ముండా కుటుంబమునకు చేరినది. సంప్రదాయముగా లెక్కించు తీరునందే భేదమున్నది. తెలుగువాడు పదిమీద మూడు చేర్చి పదమూడనును. సవరవాడు పండ్రెండుమీద ఒకటి చేర్చి ఆ సంఖ్యనే చెప్పును. ఇరువది దాటిన పిమ్మట ఇరువదులుగా లెక్కించును. ఇట్టి యింట పుట్టిన బిడ్డ తెలుగు లెక్కలు అప్పగింపలేక తడబడిన, మందమతి యని తలచుట న్యాయమా? లోపము బిడ్డయందు లేదు. బిడ్డ యెఱిగినదానిని మన మెఱుగకపోవుటయందున్నది.

1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై, పర్లాకిమిడి దానిలో చేరెను. సవరల కొండలు రెండు పాలనల నడుమ నిలిచెను. 1940లో పంతులుగారు గతించిరి. 1956లో రాజ్యాంగమునకు చేర్చిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమికవిద్యను మాతృభాషలో నేర్పుటకు తగిన వసతులు కల్పింపవలెనని రాష్ట్రములకు చెప్పెను. అయినను అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కోయ, గోండి, కొలామి మున్నగు ఎనిమిది గిరిజనభాషలలో బోధన ప్రయోగముగా ఆరంభమైనది 2004లోనే. సవర వాచకములను తెలుగులిపిలో అచ్చువేసిరి. మొదట సవరలో చదువు, దానితోబాటు నోటిమాటగా తెలుగు, పిదప తెలుగు చదువు: ఇది పద్ధతి. ఒక భాషకై నేర్చిన అక్షరములే రెండవ భాషకు నిచ్చెన యగును. పంతులుగారి బడులకును దీనికిని నడుమ నూటపది యేండ్లు గడచెను.

అయితే బిడ్డకు తొలిబడి ప్రాథమిక పాఠశాల కాదు, అంగన్‌వాడీ. 1975లో ఆరంభమైన శిశు అభివృద్ధి పథకము మూడునుండి ఆరేండ్లవరకు గల పిల్లలకు బడికి ముందరి చదువును కూడ తన బాధ్యతగా గైకొన్నది. 2022లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళిక, మూడునుండి ఎనిమిదేండ్లవఱకు ఇంటిభాషయే బోధనకు ముఖ్యసాధనము కావలెనని స్పష్టముగా చెప్పినది. ఆ వయస్సున పుస్తకముకంటె ముందుగా కావలసినది బిడ్డను తన మాటలో పలుకరించు మనిషి. సవరపాట పాడగలిగి, సవరలో కథ చెప్పగలిగి, మెల్లమెల్లగా తెలుగుమాటను ఆటలో కలుపగలిగిన స్త్రీ ఆ గూడెముననే దొరకును. ఆమెను నియమించుటకు గొప్ప ధనము అక్కఱలేదు. ఆమె భాషను విద్యకు తగినదిగా గౌరవించు మనస్సు కావలెను.

తెలుగు రాకున్న సంతలోను, కచ్చేరిలోను సవరవాని గతియేమని కొందఱు శంకింతురు. శంక సహజమే. మేము తెలుగు వలదనుట లేదు. తన భాషలో ఆలోచింప నేర్చిన బిడ్డయే రెండవ భాషను సుఖముగా నేర్చును; రెండింట చేయిపట్టి నడిపించుటయే మా కోరిక.

ఏటేట ఆగస్టు 29న పంతులుగారి జన్మదినమును తెలుగుభాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. తెలుగుకై వారు చేసిన వాదము ఇంటిమాటకు బడిలో చోటు కావలెననుటయే. ఆ న్యాయమును మనకు మాత్రము గ్రహించి సవరబిడ్డకు నిరాకరించిన, మనము వారి పటమునకు పూలమాల వేసినవారమే కాని వారి మాట విన్నవారము కాము.