ఇంటిలో నియంతృత్వం

సభలో ప్రజాస్వామ్యాన్ని గురించి అనర్గళంగా మాట్లాడి, ఇంటికి వచ్చి పిల్లవాడు ఎదురు ప్రశ్న వేస్తే చెయ్యెత్తే అభ్యుదయవాదులు మనలో లేకపోలేదు. ఈ వైరుధ్యాన్ని అర్థం చేసుకోవటానికి ఒక ప్రయోగ చరిత్ర పనికివస్తుంది.

1933లో హిట్లరు అధికారానికి రావటంతో జర్మనీ విడిచి అమెరికా చేరిన యూదు శాస్త్రజ్ఞుడు కర్ట్ లెవిన్. ఆయన లిప్పిట్, వైట్‌లతో కలిసి అయోవాలో పదేళ్ళ బాలుర సంఘాలను పరిశీలించి, 1939లో ఫలితాలు ప్రకటించాడు. ఒక తరహా నాయకుడు అడుగడుగునా ఆజ్ఞాపించాడు. తరువాత చేయవలసిందేమిటో ముందుగా చెప్పలేదు. రెండవ తరహా నాయకుడు పనంతా వివరించి, చర్చ జరిపించి, పిల్లలనే నిర్ణయించుకోమన్నాడు. మూడవ తరహావాడు ఏమీ పట్టించుకోలేదు.

ఆజ్ఞ నడిచిన చోట పెద్ద ఎదుట ఉన్నంతసేపూ పని జరిగింది. ఆయన గది దాటగానే కుంటుబడింది. ఆ పిల్లలలో కొందరు నోరు మెదపకుండా లొంగిపోయారు. మరికొందరు తమలో ఒకడిని బలిపశువును చేసి వేధించారు. చర్చ జరిగిన చోట పెద్ద లేకపోయినా పని సాగింది. పట్టించుకోని చోట పనీ సరిగా సాగలేదు. పిల్లలను గాలికి వదలటం వేరు, వారికి స్వేచ్ఛనివ్వటం వేరు అని దీనితో తేలింది.

1971లో ఎడ్వర్డ్ డెసీ మరొక సంగతి చూపాడు: ఇష్టంతో చేసే పనికి డబ్బు ముట్టజెప్పితే, ఆ డబ్బు ఆగాక ఇష్టమూ తగ్గుతుంది. 1989లో గ్రోల్నిక్, రయన్‌లు తల్లిదండ్రులను స్వయంగా కలిసి ప్రశ్నించారు. కారణం చెప్పి, ఎంచుకునే వీలిచ్చే ఇళ్ళలోని పిల్లలు తమంతట తామే చదువుకు పూనుకోవటం, మెరుగైన మార్కులు తెచ్చుకోవటం వారు గమనించారు.

ఇంతవరకు బాగానే ఉంది. కాని కారణం చెప్పటానికి తీరిక కావాలి. పొద్దుటినుంచీ చాకిరీ చేసి వచ్చిన కూలితల్లికి ఆ తీరిక ఎక్కడిది? ఆమె కసురుకోవటం ఆమె స్వభావదోషం కాదు. ఎనిమిది గంటల పనిదినం కోసం కార్మికులు చేసిన పోరాటం, ఆ లెక్కన, పిల్లల హక్కు కోసం చేసిన పోరాటం కూడా.

తీరిక ఉన్న మనకు ఆ సాకు లేదు. ర్యాంకు వస్తే సైకిలు, రాకపోతే బెత్తం అనే ఇంటిలో పెరిగినవాడు రేపు యజమాని ముందు తలెత్తి ప్రశ్నిస్తాడని ఎలా ఆశించగలం?