చిన్న పార్టీ, పెద్ద వాదం: సోవియట్ అనంతర రష్యాలో స్టాలిన్ సమర్థన

1956లో ఇరవయ్యవ పార్టీ మహాసభలో కృశ్చేవ్ చేసిన రహస్య ప్రసంగంతో స్టాలిన్ ప్రతిష్ఠ అధికారికంగా కూలింది. సమర్థకులు మాత్రం అంతరించలేదు. 1988 మార్చి 13న ‘సోవియెత్‌స్కయా రొస్సీయా’ పత్రిక లెనిన్‌గ్రాడ్ రసాయనశాస్త్ర అధ్యాపకురాలు నీనా ఆంద్రేయెవా లేఖను ప్రచురించింది. పారిశ్రామికీకరణ, సమష్టి వ్యవసాయం సహా ఒక యుగమంతటినీ వ్యక్తిపూజ పేరిట కొట్టిపారేస్తున్నారన్నది ఆమె ఆరోపణ. పొలిట్‌బ్యూరో సభ్యుడు లిగచోవ్ ఆ లేఖను మెచ్చుకోవడంతో ప్రాంతీయ పత్రికలు దానిని పునర్ముద్రించాయి. ఏప్రిల్ 5న ‘ప్రావ్దా’ ఖండించేవరకు, దాదాపు మూడు వారాలపాటు, బహిరంగంగా బదులిచ్చినవారు అరుదు. కనుక ఈ సమర్థనను కేవలం అంచు రాజకీయంగా పరిగణించడం పొరపాటు. దాని తొలి అండ అధికార కేంద్రంలోనే ఉంది.

1991 నవంబరులో ఆంద్రేయెవా నాయకత్వాన ఏర్పడిన అఖిల సంఘ బోల్షివిక్ కమ్యూనిస్టు పార్టీ (1925–52 మధ్య పాలక పార్టీకి ఉన్న పేరు దాదాపు ఇదే) చివరిదాకా చిన్న బృందంగానే మిగిలింది. వాదం మాత్రం విస్తరించింది. 2019 నాటి లెవాదా సర్వేలో 70 శాతం మంది రష్యన్లు స్టాలిన్ చారిత్రక పాత్రను సానుకూలంగా అంచనా వేశారు. అయితే ఈ విస్తరణలో విప్లవకారుడు మరుగునపడి, యుద్ధం గెలిచిన రాజ్యాధినేత మిగిలాడు.

2020 జులైలో ఆంద్రేయెవా మరణించారు. స్టాలిన్ కాలపు బాధితుల వివరాలను దశాబ్దాలుగా సేకరించిన ‘మెమోరియల్’ సంస్థను 2021 డిసెంబరు 28న రష్యా సుప్రీంకోర్టు రద్దుచేసింది.