నాలుగు గుండ్ల కింద మన ఆముదం

హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్లే 44వ జాతీయ రహదారి పొడవునా, మేడ్చల్ దాటేదాకా లారీ షెడ్లు కనిపిస్తూనే ఉంటాయి. మేస్త్రీ డిప్‌స్టిక్ లాగి, ఆయిల్‌ని రెండు వేళ్ల మధ్య రుద్ది, ‘పలచబడ్డదన్నా, మార్చాలె’ అంటాడు. అలవాటైన చెయ్యి చాలాసార్లు నిజమే చెబుతుంది. కానీ రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి ఏది మేలంటే వేళ్లు తేల్చలేవు. వేలికి తగిలేది చల్లారిన నూనె. ఇంజిన్‌లో అది పనిచేసేది వంద డిగ్రీల వేడిలో.

అందుకే ల్యాబులో సన్నని గాజుగొట్టంలో నూనె పోసి, 40, 100 డిగ్రీల దగ్గర ఎంతసేపట్లో జారుతుందో చూస్తారు. 15డబ్ల్యూ-40 అని రాసుకున్న ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల దగ్గర 12.5కు తగ్గకుండా, 16.3 సెంటీస్టోక్స్ లోపు ఉండాలి. అరుగుదలకు నాలుగు గుండ్ల పరీక్ష ఉంది. నూనెలో మూడు ఉక్కు గుండ్లను కదలకుండా బిగించి, 40 కిలోల బరువుతో నాలుగోదాన్ని వాటిపై నిమిషానికి 1200 చుట్లు తిప్పుతారు. గంట తర్వాత సూక్ష్మదర్శినిలో గుండ్ల మీద పడ్డ మచ్చను కొలుస్తారు. మచ్చ ఎంత చిన్నదైతే నూనె లోహాన్ని అంత బాగా కాచినట్టు.

ఇలా కొలిచే ఇంజిన్ నూనెల చరిత్రలో ఆముదానిది పెద్ద పాత్ర. గడ్డి మసి కలిపి మనవాళ్లు బండి ఇరుసుకు కందెన పెట్టిన ఆ నూనే మొదటి ప్రపంచయుద్ధపు రోటరీ ఇంజిన్ విమానాలను నడిపింది. వాటిలో పెట్రోలు క్రాంక్‌కేసు గుండానే పోయేది. పెట్రోలులో సులువుగా కరగని నూనె కావాల్సి వచ్చింది. 1918లో అమెరికా బొంబాయి నుంచి విత్తనం తెప్పించి మరీ లక్ష ఎకరాలకు పైగా ఆముదం సాగుకు పూనుకుంది. అయితే తన లిబర్టీ విమాన ఇంజిన్లకు పెట్రోలియం నూనె చాలని ఆ రోజుల్లోనే తేలింది. అది చవక. పైగా ఆముదం వేడికి, గాలికి చిక్కబడి జిగురు కడుతుంది. ఓడింది అక్కడే.

నల్లగొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో ఆముదం పండిన హైదరాబాద్ సంస్థానం 1944లో నెలకొల్పిన పరిశోధనశాలే నేటి హైదరాబాద్ తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ). మన వంటల చరిత్ర రాసిన కె.టి. అచ్చయ్య అక్కడ నూనెల శాస్త్రవేత్త. ఆముదం నుంచి పుట్టే రసాయనాలపై 1971లో సమగ్ర వ్యాసం ప్రచురించారు. ఆముదంలో దాదాపు 90 శాతం రిసినోలిక్ ఆమ్లమే. దాన్ని తీవ్రమైన వేడితో విడగొడితే అన్‌డెసినోయిక్ ఆమ్లం వస్తుంది. ఐఐసీటీ వాళ్లు దాంతో ఎస్టర్లనే రసాయనాలు తయారుచేసి, కందెనలుగా పనికొస్తాయేమో పరీక్షించి, 2012లో ఫలితాలు ప్రకటించారు. ఈ పనికి మన దగ్గర రావాల్సినంత పేరు రాలేదు.

ఈ ఎస్టర్లకు ఇంకో మేలుంది. లారీ షెడ్ల నేలలో ఇంకిన పెట్రోలియం నూనె ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మొక్కల నూనెల ఎస్టర్లు చాలావరకు త్వరగా మట్టిలో కలిసిపోతాయి. శామీర్‌పేట లాంటి చెరువులున్న చోట నూనెలను పోల్చేటప్పుడు ఈ లెక్కా వేయాలి. ఎస్టర్ల ధర ఎక్కువే. కాబట్టి ముందుగా చెట్లు కోసే రంపపు గొలుసుల వంటి, నూనె ఎలాగూ నేలపాలయ్యే చోట్ల వాటిని వాడటం మొదలుపెట్టాలి.