తల్లి తప్పు కాదు

నా చిన్నతనంలో మా వైపు స్కిజోఫ్రీనియా అనే మాట ఎవరికీ తెలియదు. గాలి సోకిందనేవారు, చేతబడి అనేవారు, పెళ్ళి చేస్తే కుదురుతుందనేవారు.

పాశ్చాత్య వైద్యం కూడా తక్కువ తినలేదు. 1908లో స్విస్ వైద్యుడు బ్లాయిలర్ జబ్బుకు ఆ పేరు పెట్టాడు. 1948లో అమెరికాలో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అనే మానసిక వైద్యురాలు నేరాన్ని తల్లి పెంపకం మీదికి నెట్టింది. ఆ నిందను ఎందరో తల్లులు ఏళ్ళ తరబడి మోశారు.

1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ వేరే దారి పట్టారు. ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతోపాటు వారి కుటుంబాలను కూడా ఉంచారు. జబ్బేమిటో, ఎలా చూసుకోవాలో అక్కడే నేర్చుకుని, తమవారిని ఇంటికి తీసుకువెళ్ళారు. అమెరికాలో 1979లో విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో రోగుల కుటుంబాలే కలిసి 'నామి' సంస్థను స్థాపించాయి.

ఇది మెదడుకు సంబంధించిన జబ్బని, వంశపారంపర్యానికి ఇందులో పెద్ద పాత్ర ఉందని, తల్లి పెంపకం దీనికి కారణం కాదని ఈనాడు మనకు తెలుసు. మందులతో చాలామందికి మేలు జరుగుతుంది.

అయినా షుగరు గురించి విందుల్లో చెప్పుకునే మనవాళ్ళు, దీన్ని మాత్రం సంబంధాలు తప్పిపోతాయని దాచడం డాక్టరుగా నేను చూస్తున్నాను. దాచిన కొద్దీ వైద్యం ఆలస్యమవుతుంది. మన పిల్లల కోసమైనా నోరు విప్పుదాం.